ఎడమ పక్క ఇల్లరికం

ఆస్పత్రి నుంచి ఫోను వచ్చేసరికి సూర్యకళ విస్తట్లో రెండో గుత్తొంకాయ పడింది. మొదటిది ఆవిడ అడిగి వేయించుకున్నది కాదు. రెండోది వద్దంటుంటే వేసినది. నిడదవోలులో ఆవిడ భర్త జానకిరామ్‌కి మేనత్త అయిన చిన్నమ్మాయి గారి మనవరాలికి ఆ రోజు ఓణీల ఫంక్షను. చిన్నమ్మాయి గారి పంక్తిలో కూర్చున్నాక విస్తరికి చెయ్యి అడ్డం పెడితే చేతిమీదే వడ్డించేస్తారు. అందుకని సూర్యకళ కుడిచేత్తో వంకాయని ఓ మూలకి జరిపి, ఎడంచేత్తో ఫోను తీసి చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది.

"నమస్తే మేడం. రాజమండ్రి నుంచండి, డాక్టర్ కిరణ్ గారి హాస్పిటలండి. మీ సర్జరీ అయి రెండేళ్ళయింది కదండీ, ఫీడ్‌బ్యాక్ కోసం నాలుగు ప్రశ్నలండి. మాట్లాడొచ్చాండి?"

"చెప్పమ్మా."

"కొత్తగా చేసిన రొమ్ము విషయంలో మీరు ఎంతవరకు సంతృప్తిగా ఉన్నారండి?"

సరిగ్గా అప్పుడే చిన్నమ్మాయి గారు నేతిగిన్నె పట్టుకుని వరసలోకి దిగారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, కానీ వడ్డన దగ్గర కనిపించవు.

"ఏవమ్మా సూర్యకళా, వంకాయెలా ఉంది? కుదిరిందా?"

"చాలా బాగుందండి" అంది సూర్యకళ.

ఆ మాట ఇటు అత్తయ్యగారికీ అటు ఆస్పత్రి అమ్మాయికీ ఒక్కసారే చేరింది. ఇద్దరూ సంతోషించారు.

"థాంక్యూ మేడం. మెత్తదనం విషయంలోనండి?"

"బొబ్బట్టు మెత్తగా వచ్చిందా? పొద్దున్నే చేయించేశాను, గట్టిపడిందేమోనని నా భయం."

"అబ్బే, దూదేనండి. నోట్లో పెడితే కరిగిపోతోంది."

ఫోనులో అమ్మాయి ఒక్క క్షణం ఆగింది. "ఓకే మేడం... పదికి ఎన్ని మార్కులు వేస్తారండి?"

"పదికి పదమ్మా."

"ఆఖరిదండి. మీ బంధువుల్లో ఎవరికైనా ఇలాంటి అవసరం వస్తే మీరు—"

చిన్నమ్మాయి గారి చేతిలో గిన్నె కొంచెం ఎక్కువ వంగింది. నెయ్యి ఫోను మీద పడింది. సూర్యకళ తుడవబోయింది, లైను కట్టయిపోయింది. మంచిదే అయిందనుకుందావిడ. ఎందుకంటే ఆ బంధువు పక్క విస్తరి ముందే కూర్చుని ఉంది.

పక్క విస్తరి నాగదుర్గది. జానకిరామ్ తమ్ముడు బుజ్జిబాబు భార్య, అంటే సూర్యకళకి తోడికోడలు. మనిషి ములక్కాడలా ఉంటుంది. ఎంత తిన్నా ఒంటికి పట్టదని చుట్టాలందరికీ ఆవిడ మీద ఒక కుళ్ళు. నెల కిందట ఆవిడ కుడి రొమ్ములో గడ్డ కేన్సరని తేలింది. తేలిందనడం మర్యాదకి అనే మాట. ఆ గడ్డ సంగతి ఆవిడకి ఉగాది ముందే తెలుసు. పిల్ల పరీక్షలవనీ అనుకుంది, తర్వాత దాళ్వా కోతలవనీ అనుకుంది, ఆ తర్వాత ఇంటికి సున్నాలు వేయించడం అవనీ అనుకుంది. చివరికి, రెండేళ్ళ కిందట ఎడమ రొమ్ముకి అదే రోగం పడి లేచిన సూర్యకళే జుట్టు పట్టుకుని లాక్కెళ్ళినంత పని చేసి డాక్టర్ కిరణ్ గారి ముందు కూర్చోబెట్టింది. తీసెయ్యాల్సిందేనని ఆయన ఒక తారీకు ఇచ్చారు. నాగదుర్గ ఓణీల ఫంక్షను అవనీమని దాన్ని కూడా వాయిదా వేయించుకుంది.

ఇప్పుడు సోమవారం ఖాయమైంది. రొమ్ము తీసేసి కుట్లు వేసి పంపెయ్యడమా, అదే పూట ఆ చోటులోనే కొత్తది కూడా చేసెయ్యడమా అన్నది రేపటిలోగా డాక్టరు గారికి చెప్పాలి. కొత్తది చెయ్యాలంటే సాయానికి ఇంకో సర్జనూ రావాలి, థియేటరూ ఎక్కువసేపు కావాలి. చెప్పకపోతే సోమవారం పోతుంది. సోమవారం పోతే నాగదుర్గ ఇంకో ఫంక్షను వెతుక్కుంటుంది. గోదావరి జిల్లాల్లో ఫంక్షన్లకి కరువేముంది? సూర్యకళ భయం అంతా అదే.

సలహాలు మాత్రం నాగదుర్గకి విస్తరి నిండా పడ్డాయి. "నీ ఇష్టం" అన్నాడు బుజ్జిబాబు. ఆ మాట అనేసి పొలానికి వెళ్ళిపోవచ్చు కాబట్టి అతనికి సుఖంగానే ఉంది. "నలభై దాటాక అదెందుకే, మళ్ళీ పాలివ్వాలా, పెళ్ళిచూపులకి కూర్చోవాలా?" అన్నారు చిన్నమ్మాయి గారు. డాక్టరు గారేమో, "మీ అక్కగారినే అడగండమ్మా. నా పేషెంట్లందరిలోకీ ఎక్కువ సంతృప్తిగా ఉన్నది ఆవిడే" అన్నారు. అడిగితే అక్కగారు మూడు వారాలుగా ఒకటే మాట చెబుతోంది. "చాలా బాగుంటుందే. చేయించుకో."

"ఎవరక్కా ఫోను?" అడిగింది నాగదుర్గ.

"ఆస్పత్రి వాళ్ళే. బాగుందా అని అడుగుతున్నారు."

"ఏవన్నావు?"

"విన్నావుగా. బాగుందన్నాను."

"వంకాయ గురించా, దాని గురించా?"

"రెండూను."

నాగదుర్గ తన విస్తట్లో వంకాయని వేలితో విప్పి చూసింది. లోపల పచ్చిగా, తెల్లగా, గింజలతో సహా అలాగే ఉంది. వంకాయని మూసేసి, పక్కనున్న అప్పడం దాని మీద కప్పింది.

ఈ వైపు మనుషులకి భోజనం గురించి రెండు మాటలుంటాయి. పంక్తిలో మాట ఒకటి, కారులో మాట ఒకటి. పంక్తిలో కూర్చున్నంతసేపూ అన్నీ అమృతమే. వీధి గుమ్మం దాకా వచ్చి సాగనంపే వాళ్ళ చేతులు పట్టుకుని, ఇలాంటి పులిహోర ఈ మధ్య కాలంలో తినలేదండి అని చెప్పి మరీ ఎక్కుతారు. కారు వీధి మలుపు తిరిగేదాకా ఎవరూ నోరు విప్పరు. మలుపు తిరిగాక విప్పితే ఊరు చేరేదాకా మూయరు. కార్లు రాకముందు గూడుబళ్ళలోనూ ఇదే జరిగేదని సూర్యకళ అత్తగారు చెప్పేది. అప్పుడు ప్రయాణం ఎక్కువ కాబట్టి తాంబూలంలో వక్క దాకా వచ్చేవారట.

నిడదవోలు గేటు దాటగానే జానకిరామ్ స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేస్తూ మొదలుపెట్టాడు.

"పులిహోరలో ఆ ఉప్పేంట్రా? సముద్రం ఒడ్డున వండించారా?"

"పులిహోర నయం అన్నయ్యా. ఆ మజ్జిగపులుసు చూశావా? మజ్జిగ మజ్జిగే, పులుసు పులుసే. వాటికింకా మాటలు కలవలేదు" అన్నాడు పక్క సీట్లో బుజ్జిబాబు.

"వంకాయ పచ్చి" అంది వెనక సీట్లోంచి సూర్యకళ. "నూనెలో ముంచి ఇవతలికి తీశాడంతే. బొబ్బట్టయితే, చాకు ఉంటే బాగుండుననిపించింది."

ముగ్గురూ నవ్వారు. నాగదుర్గ నవ్వలేదు. చాగల్లు దాటేదాకా కిటికీలోంచి కాలవ గట్టు చూస్తూ కూర్చుంది. తర్వాత తల తిప్పకుండానే అంది.

"దూది అన్నావు కదక్కా."

"ఏంటీ?"

"బొబ్బట్టు. అత్తయ్యగారితో దూదేనండి అన్నావు. నేను పక్కనే ఉన్నాను."

"మరేవనమంటావే? మోకాళ్ళు పట్టుకుని వడ్డిస్తోందావిడ. మొహం మీద బాలేదంటామా?"

"అనం. అదే నేనూ అంటున్నాను." ఇప్పుడు తిరిగింది నాగదుర్గ. "మరి డాక్టరు గారి మొహం మీద అంటామా?"

ముందు సీట్లలో మగవాళ్ళిద్దరూ ఒక్కసారిగా రోడ్డు మీద విపరీతమైన శ్రద్ధ పెట్టారు.

"మూడు వారాల్నుంచి అడుగుతున్నాను. చాలా బాగుంది, చాలా బాగుంది. నేను మాత్రం ఈ ఊళ్ళలో పుట్టలేదా అక్కా? చాలా బాగుంది అంటే ఏంటో నాకు తెలీదా? ఎవరైనా ఇంకో ముక్క లేకుండా చాలా బాగుంది అంటున్నారంటే, లోపల పచ్చిగా ఉందనే లెక్క. నాకు పంక్తిలో మాట వద్దు. కారులో మాట చెప్పు. చెబితే రేపు డాక్టరు గారికి అవునో కాదో చెబుతాను. చెప్పకపోతే సోమవారం లేదు, మంగళవారం లేదు."

నిజం చెబితే పిల్ల బెదిరి ఆపరేషనే మానేస్తుందేమోనన్న భయంతోనే సూర్యకళ ఇన్నాళ్ళూ బాగుంది బాగుంది అంటూ వచ్చింది. ఇప్పుడు ఆ బాగుంది అన్నందుకే మానేసేలా ఉంది. కొవ్వూరు వచ్చేసింది. బ్రిడ్జి ఎక్కే ముందు ఓ టీ బడ్డీ కనిపించింది.

"ఏవండీ, కారాపండి. మీరిద్దరూ దిగి టీ తాగండి."

"ఇప్పుడే కదే భోంచేశాం" అన్నాడు జానకిరామ్.

"అయితే సోడా తాగండి. తిన్నది అరగాలిగా, ఆ ఉప్పంతా."

"ఎండ మండిపోతోంది వదినా" అన్నాడు బుజ్జిబాబు.

"చెట్టు కింద నిలబడు. ఇటు వీపు పెట్టి నిలబడు. ఏవండీ, తాళం ఉంచి దిగండి, ఏసీ ఆగకూడదు."

మగవాళ్ళు దిగారు. సూర్యకళ ఫంక్షనులో ఇచ్చిన తాంబూలం సంచులు రెండూ విప్పింది. వాటిలో జాకెట్టు ముక్కలున్నాయి, ఒకటి చిలకపచ్చ, ఒకటి వంకాయరంగు. వెనక అద్దాలు కొంచెం దించి, ముక్కల అంచులు పైన పెట్టి మళ్ళీ ఎక్కించింది. కారు వెనక భాగం చిన్న డేరాలా తయారైంది.

"చెయ్యి ఇలా తే" అంది.

"అక్కా!"

"కారులో మాట కావాలన్నావుగా. తే."

నాగదుర్గ చెయ్యి తీసుకుని జాకెట్టు మీదనుంచి ఎడమ పక్క పెట్టుకుంది. "నొక్కు. గట్టిగా. గిల్లు కావలిస్తే."

నాగదుర్గ భయం భయంగా నొక్కింది. తర్వాత, ఎలాగూ అవకాశం వచ్చింది కదా అన్నట్టు, గిల్లింది.

"గిల్లావా?"

"గిల్లానక్కా. బాగానే."

"నాకేం తెలీలేదు. చూశావా, అదీ మొదటిది. వీడికి చీమ కుట్టినట్టయినా ఉండదు."

"వీడేంటి?"

"వీడే. ఇల్లరికపల్లుడు. నేనలాగే పిలుస్తాను." సూర్యకళ సర్దుకు కూర్చుంది. ఒకసారి మొదలుపెడితే ఆవిడకి ఏ కూరయినా అడుగంటా చెప్పడం అలవాటే. "పొట్ట దగ్గర కొవ్వూ చర్మమూ తీసి ఇక్కడ పెట్టారు కదా. పుట్టింది అక్కడ, కాపురం ఇక్కడ. వచ్చినప్పట్నుంచీ పనీ పాటా లేదు. ఇంట్లో ఏం జరిగినా పట్టదు. పిఠాపురంలో మా పెద్దమ్మ మనవడి పెళ్ళికి వెళ్ళామా, పట్టుచీర జారిపోతోందని పైట కుచ్చెళ్ళు పట్టుకుని పిన్నీసు గుచ్చాను. తలంబ్రాల దాకా బాగానే తిరిగాను. ఎవరో ముసలావిడ వచ్చి, ఏవమ్మా, పైట మీద కుంకుమ పడిందీ అంది. కుంకుమ కాదు. చీరా, జాకెట్టూ, నన్నూ కలిపి గుచ్చేసుకున్నాను."

"అమ్మ బాబోయ్!"

"నొప్పి లేదు. అదే భయమేసింది. బాత్రూములో పిన్నీసు ఊడబీకి చూసుకుంటే, ఇంకెవరి ఒంట్లోంచో తీస్తున్నట్టుంది. ఆ రోజు మాత్రం నాకు ఏడుపొచ్చింది. అప్పట్నుంచి పిన్నీసు భుజం మీదే."

నాగదుర్గ చెయ్యి ఇంకా తీయలేదు.

"రెండోది, తిండి. పొట్ట కొవ్వుకి పొట్ట బుద్ధులు ఎక్కడికి పోతాయి? నేను పూతరేకులు తింటే ఇంతకుముందు నడుం దగ్గర చేరేవి. ఇప్పుడు సగం ముందు వీడికే పడతాయి. కుడిపక్కది ఎప్పట్లాగే ఉంటుంది, వీడు మాత్రం పండక్కి వచ్చిన అల్లుడిలా ఊరిపోతాడు. టైలరు మరిడమ్మ నా జాకెట్టుకి రెండు పక్కలా రెండు కొలతలు తీస్తుంది. ఆషాఢం వెళ్ళాక మళ్ళీ రండమ్మా అంటుంది, సారెలూ స్వీట్లూ అయ్యాక."

నాగదుర్గ మూతి దగ్గర ఏదో కదిలింది.

"నవ్వకు. నవ్వడం కూడా చెప్పాలి. పొట్ట మీద ఈ చివర్నుంచి ఆ చివరికి కోత. మొదట్లో నిటారుగా నిలబడలేను. చెవిదుద్దు జారిపోయి నేల మీద వెతుక్కుంటున్నట్టు ఇల్లంతా వంగి తిరిగాను. మీ ఆయన పలకరించడానికి వచ్చి జోకులేశాడు. నవ్వితే కుట్లు తెగిపోతున్నట్టుండేది. ఇంకోసారి నోరు విప్పితే కేసు పెడతానన్నాను."

"అందుకా, నెల్రోజులు మీ ఇంటికి రావడం మానేశాడు?"

"మరి? ఇంకోటి విను. నేను పడుకుంటే కుడిపక్కది చక్కగా చంకలోకి జారి నిద్రపోతుంది, దాని వయసు దానికి తెలుసు. వీడు పడుకోడు. సీలింగు ఫాను వైపు చూస్తూ అలాగే నిలబడి ఉంటాడు, గేటు దగ్గర వాచ్‌మన్‌లా. ఇంకో పదేళ్ళకి అదెక్కడుంటుందో, వీడెక్కడుంటాడో! ఇంక ముందు భాగం, మొన లేదు. అది కూడా చేస్తాను, రంగేస్తాను, చాలా సహజంగా ఉంటుందన్నారు డాక్టరు గారు. చాల్లెండి, వచ్చిన అల్లుడికి కిరీటం ఒకటా అనుకుని ఊరుకున్నాను."

"డాక్టరు గారితో ఇవన్నీ చెప్పలేదా?"

"ఎలా చెబుతానే? ప్రాణం నిలబెట్టిన మనిషి. పొద్దున్న లోపలికి వెళ్ళినవాడు సాయంత్రందాకా నిలబడి కుట్టాడు. అద్దం తెచ్చి, ఎలా ఉందమ్మా అని అడిగితే, కళ్ళల్లో చిన్నమ్మాయి అత్తయ్యగారే కనిపించారు. చాలా బాగుందండి అన్నాను. ఇంక ప్రతిసారీ అదే. ఒకసారి పదికి పది అన్నాక తగ్గించడం ఏం మర్యాద?"

బయట చెట్టు కింద బుజ్జిబాబు సోడా తాగుతూ ఇటు తిరగబోయాడు. జానకిరామ్ అతని తల పట్టుకుని గోదావరి వైపు తిప్పాడు. ముందు అద్దంలోంచి అది చూసి నాగదుర్గ గొంతు తగ్గించింది.

"మరి బావగారో?"

సూర్యకళ పైట సర్దుకుంది, కిటికీకి వేలాడుతున్న జాకెట్టు ముక్క సర్దింది.

"కట్లు విప్పాక చూపించాను. చూసి, చాలా బాగుంది అన్నారు."

"అయ్యో."

"కదా? ఆ మాటతో నా గుండె నీరయిపోయింది. ఇన్నేళ్ళ కాపురం, ఆయన పంక్తిలో మాట నాకు తెలీదా? నేనాయనకి చుట్టాన్నయిపోయాను దుర్గా. మొహం మీద నొప్పించకూడని చుట్టాన్ని. ఏ చీర కట్టుకున్నా బాగుంది, ఏ కూర వండినా బాగుంది. కూరలో ఉప్పు వెయ్యకుండా పెట్టాను ఒకరోజు, కావాలనే. మాట్లాడకుండా తినేశారు. అంతకంటే ఆపరేషనే నయమనిపించింది."

"తర్వాత?"

"ఓ మూడు నెలలు గడిచాయేమో. ఓ రోజు పొద్దున్న స్నానం చేసొచ్చి చీర కట్టుకుంటున్నాను. ఆయన మంచం మీద పేపరు చదువుతున్నారు. పేపరు మీదనుంచి ఇలా చూశారు. చూసి, కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశారు. గోడకి ఫొటో తగిలించాక చూస్తారే, అలా. చూసి, 'కొంచెం పైకి పెట్టాడేమోనే' అన్నారు."

నాగదుర్గ నోటికి రెండో చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నువ్వేం చేశావు?"

"మంచం మీద కూలబడి ఏడ్చాను. ఆయన హడిలిపోయి, లేదు లేదు చాలా బాగుంది చాలా బాగుంది అని మొదలుపెట్టారు. ఇంకోసారి బాగుందన్నారంటే చంపేస్తానన్నాను." సూర్యకళ నవ్వింది. "చూశాడే మనిషి! సరిగ్గా చూశాడు కాబట్టే పైకి ఉందని తెలిసింది. అవును, పైకే ఉంది, బొటనవేలు మందాన. నాకు ముందే తెలుసు. ఆ పూట ఇద్దరం కలిసి దాన్ని ఎన్ని మాటలన్నామో! ఇల్లరికం పేరు కూడా ఆయన పెట్టిందే. ఆ మధ్యాహ్నం కూరలో కారం ఎక్కువైందని కూడా అన్నారు. నాకు పండగలా ఉంది."

నాగదుర్గ చెయ్యి వెనక్కి తీసుకుని, ఒళ్ళో పెట్టుకుని, ఆ చేతినే చూసుకుంటూ కూర్చుంది. తర్వాత పెద్దగా ఊపిరి వదిలింది.

"ఏవో అనుకున్నాను గానీ అక్కా. నొప్పి తెలీదు, తింటే ఊరుతుంది, పడుకుంటే నిలబడుతుంది, పొట్ట మీదేమో అంత కోత. ఇలాంటి పనికిమాలినదాన్ని చేయించుకోమని మూడు వారాలు నా ప్రాణం తీశావా? నాకేం ఖర్మ. తీసేసి కుట్టెయ్యమంటాను, హాయిగా పైట కప్పుకుని తిరుగుతాను."

తీసేసి కుట్టించుకున్నా తప్పేం లేదు. అలా చేయించుకుని దర్జాగా తిరుగుతున్నవాళ్ళు సూర్యకళకి ఆస్పత్రిలోనే ఇద్దరు ముగ్గురు తెలుసు. సోమవారం ఆపరేషను జరిగితే చాలు, ఆవిడకి కావలసింది అదే. సరేనని ఊరుకోవాల్సింది. కానీ మాట ఆవిడ కంటే ముందు బయటికొచ్చేసింది.

"పనికిమాలిందా? ఎవర్నే పనికిమాలింది అంటున్నావు?"

"నువ్వే కదా ఇప్పటిదాకా—"

"నేనంటాను! నాది కాబట్టి నేనంటాను! నువ్వెవరివి అనడానికి? రెండేళ్ళుగా నాతో ఉన్నాడు. నేను పొద్దున్నే నీళ్ళు పోసుకునేటప్పుడు కళ్ళు మూసుకోకుండా పోసుకుంటున్నానంటే వాడి వల్ల. ఏ గుడికెళ్ళినా పైట లాక్కుంటూ చావకుండా తిరుగుతున్నానంటే వాడి వల్ల. నొప్పి తెలీకపోతే ఏం? నొప్పి తెలిసిన కుడిపక్కది మాత్రం ఏం ఉద్ధరించింది, యాభయ్యేళ్ళుగా? పైకి ఉంటే ఉన్నాడు! కిందికి జారినవాళ్ళందరూ బాగుపడిపోయారా?"

ఆవిడ గొంతు ఎంత లేచిందంటే జాకెట్టు ముక్కలు దాటి, అద్దాలు దాటి, టీ బడ్డీ దాకా వెళ్ళింది. తోడికోడళ్ళు కొట్టుకుంటున్నారనుకుని మగవాళ్ళిద్దరూ పరిగెత్తుకొచ్చారు. జానకిరామ్ తలుపు తీసేసరికి వెనక సీట్లో నాగదుర్గ పొట్ట పట్టుకుని, కళ్ళంట నీళ్ళు కారుతుండగా నవ్వుతోంది. సూర్యకళ ఎర్రబడిన మొహంతో ఎదురుగా ఉన్న సీటు వీపు వైపు చూస్తోంది.

"ఏవైందే?" అన్నాడు జానకిరామ్.

"ఏం కాలేదు. ఎక్కండి. పోనివ్వండి."

కారు బ్రిడ్జి ఎక్కింది. కింద అంతస్తులో గూడ్సుబండి ఏదో వెళుతోంది, బ్రిడ్జి అంతా సన్నగా వణుకుతోంది. నాగదుర్గకి నవ్వు తెరలు తెరలుగా వస్తోంది, ఆపుకుంటోంది, మళ్ళీ వస్తోంది. చాలా రోజుల తర్వాత ఆ నవ్వు విన్న బుజ్జిబాబు వెనక్కి తిరగాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు.

"నాకు పొట్ట లేదుగా అక్కా" అంది నాగదుర్గ కాసేపటికి. "వీపు నుంచి తీస్తానన్నారు డాక్టరు గారు."

"వీపు నుంచయితే నావాడంత తిండిపోతు అవడులే" అంది సూర్యకళ, ఇంకా కోపంగానే. తర్వాత కోపం తగ్గించి అంది. "చేయించుకోమని నేనేం అనట్లేదు. నీ ఒళ్ళు. మానేసినా నాకు కోపం లేదు. సోమవారం మాత్రం మానకు."

"కోపం లేదా? కొవ్వూరంతా వింది."

సూర్యకళ ఫోను మోగింది. నెయ్యి జిడ్డుకి వేలు జారి స్పీకరు ఆన్ అయిపోయింది.

"నమస్తే మేడం, ఇందాక లైన్ కట్టయిందండి. ఒక్క ప్రశ్న మిగిలిందండి."

"ఉండమ్మా" అంది సూర్యకళ. "ఇందాక పదికి పది అన్నాను కదా. అది కొట్టెయ్యి. ఆరు వేసుకో."

"ఆరాండి? ఏవైనా ప్రాబ్లమ్ వచ్చిందాండి, మధ్యాహ్నం నుంచి?"

"ఏం రాలేదు. ఇందాక నేను భోజనం దగ్గరున్నాను. ఇప్పుడు కారులో ఉన్నాను."

అమ్మాయికి అర్థమైందో లేదో గానీ, ఆ పిల్లా ఈ జిల్లాదే అయి ఉండాలి. "సరేనండి, ఆరు" అంది. "ఆఖరి ప్రశ్నండి. మీ బంధువుల్లో ఎవరికైనా ఇలాంటి అవసరం వస్తే మీరు చేయించుకోమని చెబుతారాండి?"

సూర్యకళ నోరు తెరిచింది. పక్కకి చూసింది. నాగదుర్గ చెయ్యి చాపి ఫోను లాక్కుంది.

"ఆ బంధువుని నేనేనమ్మా. నాగదుర్గని. సోమవారం ఆపరేషను నాకే. డాక్టరు గారికి చెప్పు, రెండూ ఒకేసారి చేసెయ్యమన్నానని. నాక్కూడా తిట్టుకోవడానికి ఒకటి ఉండాలి కదా."

"ఏంటండీ?"

"అది రాయక్కర్లేదు. రెండూ ఒకేసారి అని రాసుకో. ఇంకో మాట కూడా చెప్పు." నాగదుర్గ ముందు సీటు వైపు చూసి, ఒక్కొక్క ముక్కా స్పష్టంగా పలికింది. "మా అక్కకి కొంచెం పైకి పెట్టారట. మా బావగారు చెప్పారు. నాకు చూసి పెట్టమను."

బుజ్జిబాబు మెల్లగా తల తిప్పి అన్నగారి వైపు చూశాడు. జానకిరామ్ రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, చెవులు ఎర్రగా కందిపోయి, రాజమండ్రి వైపు మాత్రమే చూస్తూ కారు నడుపుతున్నాడు.